కాగితం కొలతలు, పిక్సెళ్లు

ఎ4 కాగితం వెడల్పు 210, పొడవు 297 మిల్లీమీటర్లు. మదీనాగూడలో జిరాక్స్ తీసే యంత్రానికైనా, హైటెక్ సిటీలో బిల్లును పీడీఎఫ్‌గా మార్చే ప్రోగ్రామ్‌కైనా ఆధారం ఈ కొలతే. 1922లో జర్మనీలో వాల్టర్ పోర్స్ట్‌మన్ రూపొందించిన ప్రమాణమే 1975లో ఐఎస్ఓ 216గా ప్రపంచానికి చేరింది. ఇందులో పొడవు వెడల్పుకు 1.414 రెట్లు, అంటే రెండుకు వర్గమూలం. అందుకే కాగితాన్ని సగానికి మడిచినా ఆకారం మారదు. ఎంత చక్కని లెక్క! ఎ0 వైశాల్యం ఒక చదరపు మీటరు, ఎ4 అందులో పదహారో వంతు.

పిక్సెల్‌కు సొంత పొడవు లేదు. అంగుళానికి ఎన్ని చుక్కలో, అంటే డీపీఐ ఎంతో తెలిస్తేనే లెక్క తేలుతుంది. మిల్లీమీటర్లను 25.4తో భాగించి డీపీఐతో గుణించాలి. 300 డీపీఐ వద్ద ఎ4 2480×3508 పిక్సెళ్లు, 96 వద్ద 794×1123. పీడీఎఫ్‌లో కొలమానం పాయింటు, అంగుళంలో 72వ వంతు, కాబట్టి అక్కడ ఎ4 595×842 పాయింట్లు.

కొత్తగా కోడ్ రాసేవారు తరచూ పొరబడేది ఎ4లో సగమైన ఎ5 దగ్గర. 3508ని సగం చేస్తే 1754 వస్తుంది. కానీ ప్రమాణం 148.5 మిల్లీమీటర్లను 148కి తగ్గించింది, కనుక సరైన వెడల్పు 1748. ఎప్పుడూ మిల్లీమీటర్ల నుంచే మొదలుపెట్టి, చివరి మెట్టులోనే పూర్ణాంకానికి సవరించాలి.

లీగల్ సైజు 8.5×14 అంగుళాలు, 300 డీపీఐ వద్ద 2550×4200. అది ఎ4లో పట్టాలంటే సుమారు 83 శాతానికి కుదించాలి. అడ్డంగా, నిలువుగా ఒకే నిష్పత్తి వాడకపోతే అక్షరాలు సాగిపోతాయి.