బార్బియానా పూర్వ విద్యార్థులు

పూర్వ విద్యార్థుల సంఘం అనగానే పేరుమోసిన కాలేజీలూ, పెద్ద ఉద్యోగాలూ, శాలువలూ గుర్తొస్తాయి. ఇందుకు భిన్నమైన చరిత్ర ఇటలీలో వుంది.

1954లో చర్చి పెద్దలు లొరెంజో మిలానీ అనే పాదరీని ఫ్లోరెన్సు దగ్గరి కొండల్లో వున్న బార్బియానాకు పంపారు. పేరుకు బదిలీ, నిజానికి శిక్ష. పరీక్ష తప్పించి సర్కారు బడులు ఇంటికి పంపిన రైతుబిడ్డలకు ఆయన అక్కడ చదువు చెప్పాడు. 1967లో వారిలో ఎనిమిదిమంది కలిసి 'ఒక పంతులమ్మకు ఉత్తరం' రాశారు. పేదపిల్లలు తప్పడానికి కారణం తెలివి లేకపోవడం కాదనీ, బడికున్న వర్గస్వభావమేననీ లెక్కలతో చూపించారు. ఆ జూన్‌లోనే మిలానీ 44వ ఏట మరణించాడు.

తర్వాత బడి మూతపడింది, బంధం తెగలేదు. శిష్యుడు మికేలే జెసువాల్ది 1970లో గురువు ఉత్తరాలను సంకలనం చేశాడు, కార్మికసంఘంలో పనిచేశాడు. 2017లో పోపు ఫ్రాన్సిస్ బార్బియానా వచ్చినప్పుడు ఆయన్ను కలిసినవారిలో నాటి పిల్లలున్నారు. అప్పటికి వాళ్లు వృద్ధులు. యాభైయేళ్లు వాళ్లను కలిపి వుంచింది చిన్ననాటి ముచ్చట్లే కాదు, బడి అప్పగించిన పని కూడా.

మన ఊళ్లలోనూ పదో తరగతి బ్యాచీల సమ్మేళనాలు జరుగుతున్నాయి. సంతోషమే. పంతులుగా నాదొక ప్రశ్న: ఐదో తరగతిలోనే పత్తిచేలకు వెళ్లిపోయిన పిల్ల పేరు కూడా ఒకనాడు హాజరుపట్టీలో వుండేది. ఆమెకు పిలుపు వెళ్లిందా?