ఆయిల్ మార్పిడి.. లెక్క తప్పితే ఇంజిన్‌కే ముప్పు

ఒంగోలు: చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిపై సాగే సరకు లారీకి, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో తిరిగే టిప్పర్‌కు ఒకే రకం ఇంజిన్ ఉన్నా ఆయిల్ ఆయుష్షు ఒకటి కాదు. ఖర్చు తగ్గించుకునేందుకు ఆయిల్ మార్పిడి గడువు పెంచాలనుకునే యజమానులు తొలుత గుర్తించాల్సిన విషయమిదే. లెక్క కుదిరితే మిగులు, తప్పితే ఇంజిన్ బోరుకు రావడమే.

మిగులు ఎంత?
ఒక్కో లారీ ఏడాదికి లక్ష కిలోమీటర్లు తిరుగుతూ, ప్రతి మార్పిడికి 20 లీటర్ల ఆయిల్ పడుతుందనుకుందాం. 20 వేల కిలోమీటర్లకోసారి మార్చితే పది లారీలకు ఏటా 1,000 లీటర్లు కావాలి. గడువును 25 వేలకు పెంచితే 800 లీటర్లు సరిపోతాయి. ఫిల్టర్ల ఖర్చు, లారీ షెడ్డులో నిలిచే సమయం కూడా ఆ మేరకు తగ్గుతాయి.

నలుపు కొలమానం కాదు
ఆయిల్ నల్లబడగానే పాడైందని పలువురు భావిస్తారు. ఇది అపోహ. మసిని ఒకచోట పేరుకోనీయకుండా తనలో కలుపుకోవడం ఆయిల్ ధర్మం. డీజిల్‌లోని గంధకం మండి ఏర్పడే ఆమ్లాన్ని విరిచే క్షారశక్తి ఆయిల్‌లో ఉంటుంది. దీన్నే టీబీఎన్ అంటారు. ఆ శక్తి తరిగినా, చిక్కదనం మారినా ఆయిల్ పని అయిపోయినట్లే. 2010లో దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 350 వరకు ఉండేది. 2017లో బీఎస్-4తో 50కి, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6తో 10కి తగ్గింది. గడువు పెంపునకు వీలు కలగడానికి ఇదొక ప్రధాన కారణం.

పరీక్షే దారి
ఇంజిన్ వేడిగా ఉండగా శుభ్రమైన పొడి సీసాలో నమూనా పట్టి ప్రయోగశాలకు పంపాలి. ఇనుము పెరిగితే లైనర్ల అరుగుదలను, సీసం, రాగి పెరిగితే బేరింగుల అరుగుదలను అనుమానించాలి. సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము చొరబడినట్లు. డీజిల్ కలిస్తే ఆయిల్ పలుచబడుతుంది, మసి మితిమీరితే చిక్కబడుతుంది. ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకూడదు. వరుస ఫలితాలు నిలకడగా ఉంటేనే గడువును దఫాలవారీగా పెంచాలి. మధ్యలో పోసిన ఆయిల్ పరిమాణాన్నీ రాసుకోవాలి. కొత్త ఆయిల్ చేరితే పాత దాని లోపం పైకి కనిపించదు.

టిప్పర్లకు గంటల లెక్క
క్వారీ బండ్లు తక్కువ దూరమే తిరిగినా, లోడింగ్ వద్ద గంటల తరబడి ఇంజిన్ ఆడుతూనే ఉంటుంది. దుమ్ము సరేసరి. వీటికి కిలోమీటర్లకు బదులు ఇంజిన్ నడిచిన గంటలే ప్రమాణం కావాలి. ఇలాంటి చోట గడువు పెంచడం కంటే తగ్గించడమే మేలు కావచ్చు.

ఇవి మరువరాదు
* వారంటీలో ఉన్న వాహనాలకు తయారీ సంస్థ చెప్పిన గడువు దాటరాదు.
* బీఎస్-6 బండ్లలో పొగ ఫిల్టర్ పూడిపోకుండా తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్‌నే సంస్థ సూచన మేరకు వాడాలి.
* గడువు పెంచినా డిప్‌స్టిక్‌తో మట్టం చూడడం మానరాదు.
* వాడేసిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. కాలువల్లో పారబోయక, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే అప్పగించాలి.