వెన్నునొప్పి చికిత్సా సంస్థలలో పెట్టుబడి

వెన్నునొప్పి చికిత్సా సంస్థలలో పెట్టుబడి అనగా నడుమునొప్పి, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల అరుగుదల, సయాటికా మొదలైన బాధలకు కొత్త మందులు, ఇంజెక్షన్లు, పరికరాలు రూపొందించే సంస్థల వాటాలను కొనడం. వ్యాధి సర్వసాధారణమైనది, సంతృప్తికరమైన మందు లేదు. ఈ రెండు కారణాల వలన మదుపరులను ఈ రంగం తరచుగా ఆకర్షిస్తుంది. అయితే ఔషధ పరిశోధనలో ఎక్కువ నిరాశ కలిగించిన రంగాలలో ఇదొకటి.

వ్యాధి, మార్కెట్టు

2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుమునొప్పితో బాధపడ్డారని, 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని 2023లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఈ లెక్కల వెనుక ఉన్న మనుషులను తెలంగాణలో రుద్రంగి పరిసరాలలో చూడవచ్చు. రుద్రంగి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరుకు ముందు ఇది కరీంనగర్ జిల్లా చందుర్తి మండలంలోని గ్రామం. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని గంటల తరబడి ముందుకు వంగి కూర్చుంటారు. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు షిఫ్టంతా నిలబడి పనిచేస్తారు. గల్ఫ్ దేశాలకు నిర్మాణపు పనులకు వెళ్ళినవారు బరువులు మోస్తారు.

నొప్పి ఉన్నచోటల్లా మార్కెట్టు ఉంటుందనుకోరాదు. కొత్త మందు ధరను, దానిని బట్టి సంస్థ వాటా విలువను నిర్ణయించేది ప్రధానంగా అమెరికా, ఐరోపా, జపాన్ దేశాల భీమా చెల్లింపులు. బీడీ కార్మికురాలి నడుమునొప్పి ఆ లెక్కలోకి రాదు.

పరీక్షలు ఎందుకు విఫలమవుతాయి

మధుమేహానికి రక్తంలో చక్కెర ఉన్నట్లు నొప్పికి కొలత లేదు. రోగి తన నొప్పికి 0 నుండి 10 వరకు ఇచ్చే అంకెయే ఆధారం. నడుమునొప్పిలో అత్యధిక సందర్భాలలో నిర్దిష్టమైన కారణం కనబడదు. కొత్తగా వచ్చిన నొప్పి చాలామందికి కొన్ని వారాలలో దానంతట అదే తగ్గుతుంది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి కూడా ఉపశమనం కలుగుతుంది. అందువలన అసలు మందు ఉత్తుత్తి మాత్రకంటే మెరుగైనదని నిరూపించడం కష్టం. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న పారాసెటమాల్ సైతం కొత్తగా వచ్చిన నడుమునొప్పిలో ఉత్తుత్తి మాత్రను మించలేదని 2014లో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలో తేలింది.

కొన్ని అనుభవాలు

బొప్పాయి పాల నుండి తీసే కైమోపపైన్ అనే ఎంజైమును డిస్కులోకి ఎక్కించే చికిత్సకు 1982లో అమెరికాలో అనుమతి లభించింది. మొదట ఉత్సాహం వెల్లివిరిసింది. తరువాత తీవ్రమైన ఎలర్జీలు, అరుదుగా నరాల నష్టం బయటపడి వాడకం తగ్గిపోయింది. 2003లో అక్కడ అమ్మకం నిలిచిపోయింది. ఇదే ఆలోచనపై ఆధారపడిన కాండోలియేజ్ అనే మరో ఎంజైముకు 2018లో జపాన్ అనుమతి ఇచ్చింది.

ఫైజర్, ఎలై లిల్లీ సంస్థలు అభివృద్ధి చేసిన టానెజుమాబ్ పెద్ద సంస్థలకూ ఈ రంగంలో రక్షణ లేదని చూపుతుంది. నరాల పెరుగుదలకు సంబంధించిన ఒక ప్రోటీనును అడ్డుకొనే ఈ మందును కీళ్ళవాతంలోను, దీర్ఘకాలిక నడుమునొప్పిలోను పరీక్షించారు. కొందరిలో కీళ్ళు వేగంగా దెబ్బతిన్నాయి. 2021 మార్చిలో అమెరికా సలహా సంఘం 19-1 ఓట్లతో, ప్రతిపాదించిన జాగ్రత్తలు చాలవని తేల్చగా, అదే సంవత్సరం ఆ కార్యక్రమాన్ని విరమించారు.

ఆస్ట్రేలియాకు చెందిన మెసోబ్లాస్ట్ డిస్కులోకి మూలకణాలను ఎక్కించే చికిత్సను 404 మందిపై పరీక్షించింది. 2021 ఫిబ్రవరిలో వెల్లడైన ఫలితాలలో ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. అయినా నొప్పి తగ్గుదల కనిపించిందని సంస్థ ప్రకటించి, మరో మూడవ దశ పరీక్షకు పూనుకొన్నది. వెర్టెక్స్ రూపొందించిన సుజెట్రిజిన్ విషయంలో అంకెలు మరింత స్పష్టంగా మాట్లాడతాయి. 2024 డిసెంబరులో సయాటికా పరీక్షలో నొప్పి మందుతో 2.02 పాయింట్లు, ఉత్తుత్తి మాత్రతో 1.98 పాయింట్లు తగ్గింది. వాటా ధర ఒక్కరోజులో పదోవంతుకు పైగా పడిపోయింది. అదే మందుకు 2025 జనవరి 30న తాత్కాలిక తీవ్రనొప్పికి అనుమతి వచ్చింది. అది దీర్ఘకాలిక నడుమునొప్పికి ఇచ్చిన అనుమతి కాదు. వార్తలు చదివేటప్పుడు ఈ తేడా గమనించదగినది.

హైదరాబాదు సంస్థలు

హైదరాబాదు ఔషధ పరిశ్రమకు నొప్పి మందులతో ఉన్న సంబంధం ప్రధానంగా జెనెరిక్ తయారీ ద్వారా ఏర్పడినది. నరాల నొప్పికి వాడే ప్రెగాబలిన్‌కు 2019 జూలైలో అమెరికాలో జెనెరిక్ అనుమతులు పొందినవాటిలో డాక్టర్ రెడ్డీస్, ఎం.ఎస్.ఎన్. లాబొరేటరీస్ ఉన్నాయి. ఒకేసారి అనేక సంస్థలు ప్రవేశించినందున ఇటువంటి మందుల ధర త్వరగా పడిపోతుంది. పరిశోధన విఫలమయ్యే ముప్పు లేదు గాని లాభం పలుచన. కొత్త అణువుల ముప్పును కూడా డాక్టర్ రెడ్డీస్ ఎరుగును. కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన ఈ సంస్థ కనుగొన్న రాగాగ్లిటజార్ అనే మధుమేహ మందు పరీక్షలను, ఎలుకల మూత్రాశయంలో కంతులు కనబడటంతో 2002లో నోవో నార్డిస్క్ నిలిపివేసింది.

మదుపరులు పరిశీలించవలసినవి

పరీక్ష ప్రారంభానికి ముందే ప్రకటించిన ప్రధాన లక్ష్యం నెరవేరిందా అన్నది మొదటి ప్రశ్న. అది నెరవేరనప్పుడు ప్రకటనలు రోగులలోని ఏదో ఒక ఉపవర్గంలో కనిపించిన మేలును ముందుకు తెస్తాయి. ఆదాయం లేని చిన్న సంస్థ వద్ద ఎన్ని నెలల ఖర్చుకు నగదు ఉన్నదో చూడాలి. నగదు తరిగినప్పుడు కొత్త వాటాలు జారీ అవుతాయి, పాత వాటాదారుని భాగం పలచబడుతుంది. చీటీపాటలో నష్టపోయే పరిమితి ఇంచుమించు ముందే తెలుస్తుంది. ఇక్కడ ఒక్క పరీక్షా ఫలితంతో పెట్టుబడిలో అధికభాగం పోవచ్చు.

భారత నివాసి విదేశీ వాటాలను రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపు పథకం క్రింద సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితిలో కొనవచ్చు. రూపాయి మారకపు విలువ ముప్పు అదనం. వాటాల కొనుగోలుపై రుసుముకు సలహాలిచ్చేవారు సెబీ వద్ద నమోదు కావలసి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక నడుమునొప్పికి వ్యాయామం, రోగికి అవగాహన కల్పించడం వంటివాటిని సూచించాయి. నడుము పట్టీలను, నల్లమందు తరహా మందులను సాధారణంగా వాడవద్దన్నాయి. వ్యాయామానికి పేటెంటు ఉండదు గనుక దానిపై వాటాల మార్కెట్టుకు ఆసక్తి తక్కువ.