ఫ్రెంచి పాత నోట్ల సేకరణ, పుదుచ్చేరి

పుదుచ్చేరిలో సేకర్తలు వెదికే ఫ్రెంచి నోట్లు రెండు తెగలు. ఒకటి, ఫ్రెంచి ఇండియా కోసం బాంక్ ద లాందోషిన్ జారీచేసిన రూపాయి నోట్లు. యానాంలోనూ ఇవే చెల్లేవి. 50 రూపాయల నోటుపై గవర్నర్ డూప్లే కనిపిస్తాడు. 5 రూపాయల నోటు 1937లో వచ్చింది.

రెండోది, ఫ్రాన్స్ నోట్లు: 10 ఫ్రాంకులపై వోల్టేర్, 200పై మాంటెస్క్యూ, 500పై పాస్కల్. ఈ ఊరికి దగ్గరవాడు మాత్రం వోల్టేరే. 1761లో పుదుచ్చేరిని ఆంగ్లేయులకు అప్పగించిన ఫ్రెంచి సేనాని లాలీకి 1766లో పారిస్‌లో తల తీశారు. ఆ అన్యాయంపై కలం పట్టినవాడాయన. 1778లో తీర్పు రద్దయింది.

ఫ్రాంకు నోట్లను యూరోలుగా మార్చుకునే గడువు 2012 ఫిబ్రవరి 17తో పూర్తిగా ముగిసింది. ఇక వాటి ధర కట్టేది సేకర్తలే.