పి.యు.సి. అనే ఆ ఒక్క ఏడాది

మన సంఘంలో అమెరికాలో మనవలున్నవారు చాలామందే. అక్కడ హైస్కూల్లోనే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష రాసి, అయిదుకు మూడో నాలుగో తెచ్చుకుంటే, చాలా విశ్వవిద్యాలయాలు ఆ సబ్జెక్టును డిగ్రీ లెక్కలో జమ వేసుకుంటాయని ఫోన్లో చెబుతుంటారు. అది కొత్త వింతేమీ కాదు, 1950ల నాటిదే. బడి చదువుతోనే కాలేజీలో ఒక మెట్టు ఎగరేసే వీలు ఆ రోజుల్లో మనకూ ఉండేది. దాని పేరు హెచ్.ఎస్.సి.

మెట్ల కథ అంతకంటే పాతది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదివి, వేలూరు వూర్హీస్ కాలేజీకి వెళ్లి, ఆ తర్వాతే మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. ఎఫ్.ఏ. పోయి ఇంటర్మీడియట్ వచ్చాక కూడా తీరు అదే: రెండేళ్లు ఇంటరు, రెండేళ్లు బి.ఏ. 1945లో దేవస్థానం వారి కాలేజీ పెట్టేదాకా తిరుపతి పిల్లవాడు మదనపల్లెకో వేలూరుకో మద్రాసుకో మూట కట్టుకోవలసిందే.

1952–53లో ముదలియార్ కమిషన్ ఇంటరును రెండుగా చీల్చమంది. ఒక ఏడాది బడికి, ఒక ఏడాది డిగ్రీకి. కాగితం మీద చక్కటి లెక్క. అయితే బడిలో ఆ ఏడాది చెప్పాలంటే ప్రయోగశాలలు కావాలి, పై చదువులు చదివిన అయ్యవార్లు కావాలి. అందుకే కొన్ని బడులు మాత్రమే మల్టీపర్పస్ హయ్యర్ సెకండరీలయ్యాయి. మిగతావి ఎస్.ఎస్.ఎల్.సి. దగ్గరే ఆగాయి. ఆ లోటు పూడ్చడానికి కాలేజీల్లో పి.యు.సి. పెట్టారు.

మా ఇంట్లో రెండు దారులూ నడిచాయి. మా అన్న మామ ఇంట్లో ఉండి హెచ్.ఎస్.సి. చదివి, నేరుగా డిగ్రీ మొదటి ఏడాదిలో కూర్చున్నాడు. మన బడిలో ఆ వసతి లేదు గనుక నేను ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం చంకన పెట్టుకుని తిరుపతిలో పి.యు.సి.లో చేరాను. గది అద్దె, హోటల్లో నెల భోజనం, ఫీజు అన్నీ కలిసి మా నాయన చెనక్కాయల డబ్బు ఆ ఏడాది అట్లే పోయింది. ఖర్చు ఒక ఎత్తు, ఇంగ్లీషు ఒక ఎత్తు. పదకొండేళ్లు తెలుగులో చదివినవాడికి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఒక్కసారిగా ఇంగ్లీషులో మొదలయ్యేవి. భాష చేతికి వచ్చేలోగా పరీక్షలు వచ్చేవి. నాతో చేరినవాళ్లలో తప్పి, ఊరికి పోయి సేద్యంలో పడినవాళ్లు ఉన్నారు. తెలివిలో వాళ్లు మా అన్నకు ఏమాత్రం తీసిపోరు. తేడా అంతా ఏ ఊళ్లో ఏ బడి ఉందన్నదే.

కొఠారీ కమిషన్ తర్వాత 1969–70లో మన రాష్ట్రంలో రెండేళ్ల ఇంటరు వచ్చింది. పి.యు.సి., హెచ్.ఎస్.సి. రెండూ కనుమరుగయ్యాయి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడటంతో కాలేజీకి తెలుగు పాఠ్యపుస్తకాలూ వచ్చాయి. నా లెక్కలో ఆ పుస్తకాలు చేసిన మేలే పెద్దది. ఏడాది మిగిలే వీలు ఇప్పుడు పాలిటెక్నిక్ వాళ్లకు ఉంది: డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

మన సభ్యుల్లో వేరే ఊళ్లో హెచ్.ఎస్.సి. చేసినవారెవరైనా ఉంటే, ఆ సర్టిఫికెట్టు నకలు ఒకటి బడి గ్రంథాలయానికి ఇవ్వండి. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాలు ఇప్పటికే నాలుగు చేరాయి.