రమణక్కపేట కొలుముల నుంచి కంప్యూటర్ కొలిమి దాకా



మన్యంలో కమ్మర పనిని 'అనుభవం' అంటారు, ఫ్యాక్టరీలో అదే పనిని 'సైన్స్' అంటారు. ఈ గీత ఎవరు గీశారో చరిత్రలో చూద్దామని విజయవాడ హాస్టల్లో ఉంటున్న మేం కొందరం కూర్చున్నాం. పోస్ట్ కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మొదలు ఇక్కడికి దగ్గరలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రవేత్త 1795లో నూజివీడు దగ్గరి రమణక్కపేటలో ఇనుము తయారీ చూసి రాశాడు. కరువుకు ముందు ఆ ఊళ్లో 40 ఇనుప కొలుములు ఉండేవట. వెండి, రాగి పనివాళ్లు కూడా బాగా బతికేవాళ్లట. కరువు దాటి బతికినవాళ్లు మాత్రం బీదరికంలో పడిపోయారు. 40 అనే అంకె మిగిలింది. ఆ కొలుముల దగ్గర చేతుల్లో, కళ్లల్లో ఉన్న తెలివిలో ఎంత పోయిందో ఏ అంకెలోనూ దొరకదు.

అదే 1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జ్ పియర్సన్ మన దేశపు ఉక్కు మీద పరిశోధన చదివి వినిపించాడు. వాళ్లు దాన్ని 'వూట్జ్' అన్నారు. తర్వాత 1819 నుంచి మైకేల్ ఫారడే దాని మీద పనిచేశాడు. (ఫారడే వాళ్ల నాన్న కమ్మరి. ఇది మన పాఠంలో ఎందుకు చెప్పరో!) అందులో అల్యూమినా, సిలికా ఉండబట్టే అంత మంచి ఉక్కు అయిందనుకున్నాడు ఫారడే. అది నిలబడలేదు. ఉక్కులో ఏముంది అని వెతికితే సగమే తెలుస్తుంది. దాన్ని ఎలా కాల్చారు, ఎలా చల్లార్చారు అనేది మిగతా సగం.

పాత లారీ కమాను పట్టీతో కత్తి చేయడం మన ఊళ్లలో అందరూ చూసిందే. ఎర్రగా కాల్చిన పట్టీని బూడిదలో పెట్టి నిదానంగా చల్లారిస్తే మెత్తబడుతుంది. అదే పట్టీని నూనెలోనో నీళ్లలోనో ముంచితే గట్టిపడుతుంది, కానీ మళ్లీ కొంచెం కాచకపోతే పెళుసుగా విరిగిపోతుంది. ఉక్కు అదే, చల్లారిన వేగమే మారింది. సుమారు 727 డిగ్రీలు దాటాక ఉక్కు లోపలి అమరిక మారడం మొదలవుతుంది, ఆ కొత్త అమరిక పేరు ఆస్టెనైట్. గబుక్కున చల్లార్చితే లోపలి కార్బన్‌కి బయటపడే టైం చాలదు, ఇరుక్కుపోతుంది. అప్పుడు తయారయ్యేదే మార్టెన్‌సైట్. అది గట్టిగా ఉంటుంది, చోటు కూడా ఎక్కువ ఆక్రమిస్తుంది. కత్తి వంకరపోవడానికి, చిట్లడానికి ఇదొక పెద్ద కారణం. ఓజులు రంగు చూసి, నీళ్లలో చప్పుడు విని పట్టుకునేది దీన్నే.

ఈ సంగతి అంకెల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా పోతుందో ఫోరియర్ 1822లో సూత్రంగా రాశాడు. ఏ వేడి దగ్గర ఎన్ని సెకన్లు ఆగితే ఉక్కు ఏమవుతుందో అమెరికాలో డావెన్‌పోర్ట్, బెయిన్ 1930లో గీతల పటంగా చూపించారు. ఎంత చల్లారితే ఎంత మార్టెన్‌సైట్ అవుతుందో కోయిస్టినెన్, మార్బర్గర్ 1959లో ఒక చిన్న ఫార్ములా ఇచ్చారు. కంప్యూటర్ వచ్చాక ఇవన్నీ ఒకచోట చేరాయి. వస్తువును తెర మీద వేల చిన్న ముక్కలుగా కోస్తారు. క్షణక్షణానికీ ప్రతి ముక్కనూ మూడు ప్రశ్నలు అడుగుతారు: ఎంత వేడిగా ఉన్నావు, ఏ అమరికలో ఉన్నావు, పక్క ముక్క నిన్ను ఎంత లాగుతోంది? ఒక జవాబు మారితే మిగతా రెండూ మారతాయి. నూనెలో ముంచాలా నీళ్లలోనా, ఎంతసేపు కాల్చాలి అనేది పది గేర్లు పాడుచేయకుండా ముందు తెర మీదే చూసుకోవచ్చు. ఇదే హీట్ ట్రీట్‌మెంట్ సిమ్యులేషన్.

అయితే కంప్యూటర్‌కి సొంతంగా తెలియంది ఒకటుంది. నీళ్లు వేడిని ఎంత వేగంగా లాగుతాయి? ముంచగానే ఇనుము చుట్టూ ఆవిరి పొర కట్టి చల్లారడాన్ని ఆపుతుంది. పొర చెదిరాక కుతకుతా మరిగి వేడి దూకినట్టు పోతుంది. ఆఖర్న నెమ్మదిస్తుంది. నీళ్ల వేడి, కలిపిన ఉప్పు, ముంచే తీరు ఏది మారినా లెక్క మారుతుంది. అందుకే ముక్క లోపల థర్మోకపుల్ పెట్టి, చల్లారిన తీరు నుంచి వెనక్కి లెక్క కడతారు. కర్ణాటకలో సూరత్కల్ ఎన్‌ఐటీలో కె. నారాయణ్ ప్రభు బృందం చాలాకాలం ఈ పని మీదే ఉంది. అంటే అంత పెద్ద సాఫ్ట్‌వేర్ కూడా చివరికి ఓజు అడిగేదే అడుగుతుంది: నీళ్లెలా ఉన్నాయిరా?

మమ్మల్ని బాగా పట్టుకున్నది జపాన్ కథ. అక్కడి కమ్మర్లు కత్తి వెన్నుకి మట్టి మందంగా, అంచుకి పలచగా పూసి నీళ్లలో ముంచుతారు. క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన తత్సువో ఇనోవే ఆ పనినే సిమ్యులేషన్ చేశారు. అంచు ముందు చల్లారి కుంచించుకుపోతుంది కాబట్టి కత్తి మొదట అంచు వైపు వంగుతుంది. తర్వాత అంచులో మార్టెన్‌సైట్ పుట్టి ఉబ్బుతుంది, దాంతో కత్తి వెన్ను వైపు తిరుగుతుంది. ఆ కత్తికి పేరు తెచ్చిన వంపు చాలావరకు నీళ్ల తొట్టిలోనే పుడుతుంది. అక్కడ కమ్మరి పూసిన మట్టి మందం మూఢనమ్మకం కాలేదు, లెక్కలోకి ఎక్కింది.

మన దగ్గర? కొండకమ్మర, ఓజులు అని పిలుచుకునే మన్యం కమ్మరవాళ్లు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు పాలిటెక్నిక్‌లలో, బీటెక్‌లలో ఉన్నారు. క్లాసులో మార్టెన్‌సైట్ అని బట్టీ పడతారు, ఇంటికెళ్తే తాత దాన్నే చేస్తుంటాడు. ఈ రెండూ ఒకటేనని మాకు ఎవరూ చెప్పలేదు. దుకాణంలో కొత్త కత్తి చవగ్గా దొరుకుతోంది, కొలుములు ఆరిపోతున్నాయి. ఈ తరంలో కొలిచి రాసుకోకపోతే ఇంకో రమణక్కపేట అవుతుంది.

అందుకే ఒక పని అనుకున్నాం. పండక్కి ఇంటికెళ్లినప్పుడు మీ ఊరి ఓజు తాతనో మావనో అడిగి ఈ పోస్ట్ కింద రాయండి. ఇనుము ఎక్కడిది, కమాను పట్టీయా వేరేదా? ఏ రంగు వచ్చాక తీస్తారు? నీళ్లా, నూనా, ఇంకేమైనా కలుపుతారా? అంచు ముందు ముంచుతారా, వెన్నా? మళ్లీ ఎంతసేపు కాస్తారు? ఆయన ఏ మాట వాడితే ఆ మాటే రాయండి, కోయ అయినా, కువి అయినా, ఒడియా అయినా సరే, తెలుగులోకి మార్చొద్దు. ఒప్పుకుంటేనే ఆయన పేరు పెట్టండి. మాలో మెకానికల్ చదివేవాళ్లు ఇద్దరున్నారు, థర్మోకపుల్ సంగతి వాళ్లు చూసుకుంటామన్నారు.