అబ్రహాము లింకను జాబులు

మన్యసీమలో భూమి బహుకాలము మాటమీద నిలిచియుండెను. ఈ మడికి తూర్పున గెడ్డ, పడమర పనసచెట్టు, ఉత్తరమున నల్లరాయి అని ఊరిపెద్ద చెప్పిన మాటయే దస్తావేజు. కాగితము తరువాత వచ్చినది. దానిని వ్రాసినవాడు మైదానమునుండి వచ్చిన షావుకారు; దానిపై వేలిముద్ర వేసినవాడు గిరిజన రైతు. అసలెంత, వడ్డీయెంత, ఏ పొలము తాకట్టుపడినది అను సంగతులు వ్రాసినవానికే తెలియును. ఇట్లు భూములు చేతులు మారుచుండుట చూచియే ప్రభుత్వము 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టమును చేసెను. అది చాలక 1959లో మరియొక నిబంధనయు, 1970లో దానికి కట్టుదిట్టమైన సవరణయు చేయవలసివచ్చెను.

కాగితము మూలమున భూమి పోవుట మన కొండలకే పరిమితమైన కథ కాదు. రెండువందల యేండ్లకు పూర్వము అమెరికాలో ఒక తెల్ల రైతు కుటుంబమునకును ఇట్టి చిక్కే కలిగెను. ఆ కుటుంబమున పుట్టిన పిల్లవాడు న్యాయవాదియై, శాసనసభ్యుడై, తుదకు దేశాధ్యక్షుడయ్యెను. ఆయనయే అబ్రహాము లింకను. ఆయన జీవితచరిత్రను అనేకులు చదివియుందురు. ఆయన వ్రాసిన జాబులను, ఫీజుల లెక్కలను, ఇంటి ఉత్తరములను చూచినవారు తక్కువ. ఒక కాగితము మనుష్యుని ఎట్లు కాపాడునో, ఎట్లు ముంచునో ఆ జాబులవలన తెలియును.

లింకను 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రమున పుట్టెను. తండ్రి థామసు కష్టపడి పనిచేయు రైతు. అక్షరజ్ఞానము మాత్రము తన సంతకమును తడబడుచు గీయుటతో సరి. ఆ రాష్ట్రమున భూములను ఎవరికి తోచినట్లు వారు కొలిపించుకొనుటచే ఒకే నేలకు ఇద్దరు ముగ్గురు హక్కుదారులు బయలుదేరుచుండిరి. థామసు మూడు కమతముల విషయమున ఈ హక్కుపత్రముల తగవులలో చిక్కుకొనెను. 1816లో విసిగి, కుటుంబముతో ఇండియానాకు వలసపోయెను. అచ్చట ప్రభుత్వమే భూమిని కొలిపించి అమ్ముచుండెను. ఈ వలసకు కెంటకీలోని బానిసత్వము కొంత కారణమనియు, భూమి హక్కుల చిక్కే ముఖ్యకారణమనియు లింకను 1860లో తన సంగతులను తానే వ్రాసియిచ్చినప్పుడు తెలిపెను.

అప్పటికి బాలునికి ఏడేండ్లు. అతడు బడికి పోయిన దినములన్నియు కలిపినను ఒక సంవత్సరము కాదు. పుస్తకములు ఎరువు తెచ్చి చదివెను. ఎరువు తెచ్చిన వాషింగ్టను జీవితచరిత్ర వానకు తడిసి చెడిపోగా, దాని వెలకు బదులు సొంతదారుని పొలములో కూలిపని చేసి తీర్చెను. ఇరుగుపొరుగున వ్రాయనేర్చినవారు అరుదగుటచే వారి ఉత్తరములు వ్రాసిపెట్టుచుండెను. ఒకరి మనసులోని మాటను, వారు చెప్పినట్లే, క్లుప్తముగా కాగితముపై పెట్టు నేర్పు ఆయనకు అచ్చటనే అలవడెను.

తరువాత ఇల్లినాయి రాష్ట్రమందలి న్యూసేలం అను చిన్న గ్రామమున 1833లో ఆయన పోస్టుమాస్టరయ్యెను. ఉత్తరములను టోపీలో పెట్టుకొని పోయి, దారిలో కనబడినవారికి ఇచ్చుచుండెను. అదే కాలమున గొలుసు, దిక్సూచి అప్పుతో కొని, భూమి కొలత పుస్తకములు చదివి, సర్వేయరు పనియు చేసెను. సరిహద్దుల తగవులలో తండ్రి పడిన పాటు ఎరిగిన కుమారుడు ఇతరుల సరిహద్దులను కొలుచుటకు పూనుకొనుట గమనింపదగినది. 1834లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యెను. జాన్ స్టూవర్టు అను న్యాయవాదియొద్ద పుస్తకములు తెచ్చుకొని, గురువు లేకయే చదివి, 1836లో న్యాయవాది పట్టా పొందెను. 1837లో స్ప్రింగుఫీల్డు పట్టణమునకు పోయి స్టూవర్టుతో కలిసి వృత్తి ప్రారంభించెను.

ఆయన వృత్తి జాబులు పొట్టివి, అందులో అలంకారములుండవు. అంకెలు, తేదీలు, చేయవలసిన పని, అంతే. 1856 ఫిబ్రవరిలో జార్జి ఫ్లాయిడు అను కక్షిదారు ఒక దస్తావేజు వ్రాసినందుకు 25 డాలర్లు పంపెను. ఆ పనికి 15 డాలర్లు చాలునని లింకను మిగిలిన 10 డాలర్లను జాబుతో త్రిప్పిపంపి, 15 డాలర్లకు రసీదు జతపరచెను. ఇంతమాత్రమున ఆయనను ఫీజు ఎరుగని అమాయకునిగా తలపరాదు. ఒక రైలు కంపెనీ తరఫున జిల్లా పన్నుకు సంబంధించిన పెద్ద వ్యాజ్యము గెలిచి 5,000 డాలర్లు అడిగెను. కంపెనీ ఇయ్యకపోగా 1857లో దానిమీదనే దావా వేసి రాబట్టి, సగము తన భాగస్వామి హెర్న్‌డనుకు ఇచ్చెను. చిన్నవానికి చేసిన పనికి ఎక్కువ పుచ్చుకొనకపోవుట, పెద్దవానికి చేసిన పనికి తక్కువ పుచ్చుకొనకపోవుట ఆయన లెక్క.

కచ్చేరి దస్త్రములు మాత్రము ఆయనయొద్ద క్రమముగా ఉండెడివి కావు. మరెచ్చటను దొరకని కాగితమును ఇందులో వెదకవలెనని ఒక కట్టపై వ్రాసి పెట్టుకొనెనట. 1850లో ఒక తోటి న్యాయవాదికి క్షమాపణ వ్రాసెను. వచ్చిన జాబును పాత టోపీలో పెట్టితిననియు, మరునాడు క్రొత్త టోపీ కొనుటచే పాతదానితో జాబును మరుగునపడెననియు అందలి సారాంశము. ఈ లోపమును ఆయన ఎరుగును. యువ న్యాయవాదులకొరకు వ్రాసికొన్న ఉపన్యాసపు చిత్తులో, జాబులకు బదులు వ్రాయుట వెనుకబడనీయవలదనియు, నేటి పనిని రేపటికి విడువవలదనియు హెచ్చరించెను. ఆ చిత్తులోనే వ్యాజ్యములను ప్రోత్సహింపవలదనియు, ఇరుగుపొరుగువారిని రాజీపరచుటయే మేలనియు చెప్పెను. కోర్టులో గెలిచినవాడును ఖర్చులతో, కాలహరణముతో ఓడినవాడే యగునని ఆయన అభిప్రాయము.

ఇంటి జాబులలో మరియొక లింకను కనబడును. సవతితల్లి సారా కుమారుడగు జాన్ జాన్‌స్టను 80 డాలర్లు అడిగెను. లింకను ఊరక ఈయలేదు. మే నెల మొదటి తేదీదాక నీవు కూలికి పోయి సంపాదించు ప్రతి డాలరుకు నేను మరియొక డాలరు చేర్చి ఇచ్చెదనని వ్రాసెను. 1851 నవంబరులో అదే జాన్‌స్టను ఉన్న భూమి అమ్మి మిస్సోరికి వలసపోదలచినట్లు తెలిసెను. అచ్చటి నేల ఇచ్చటికన్న మంచిదా, అచ్చట పని చేయక పంట పండునా అని లింకను నిలదీసెను. తూర్పువైపు నలువది ఎకరములు తల్లి జీవించియున్నంతకాలము ఆమె కొరకే ఉంచెదనని స్పష్టపరచెను. ఆమె జాన్‌స్టనుకు కన్నతల్లి, లింకనుకు సవతితల్లి. కన్నకొడుకు అమ్మదలచిన నేలను సవతికొడుకు జాబుతో అడ్డగించెను.

అయినను ఆయనయందు లోపములేదని ఈ జాబులు చెప్పవు. తండ్రి మరణశయ్యపై ఉన్నట్లు రెండు ఉత్తరములు వచ్చినను బదులు వ్రాయలేదు. 1851 జనవరిలో వ్రాసిన జాబులో భార్య అస్వస్థతను కారణముగా చెప్పి, ఇప్పుడు కలిసికొనుట ఇరువురకును సంతోషముకన్న బాధయే కలిగించునేమో అనెను. కొలదిదినములకు తండ్రి మరణించెను. కుమారుడు అంత్యక్రియలకు పోలేదు. జీవితచరిత్రకారుడు మెత్తబరచి చెప్పగల సంగతిని జాబు ఉన్నది ఉన్నట్లు నిలిపియుంచినది.

స్నేహితుడు జాషువా స్పీడు బానిసలు గల కుటుంబమువాడు. 1841లో ఇరువురును పొగయోడలో ప్రయాణించునప్పుడు పదిపన్నెండుగురు బానిసలు ఇనుప సంకెళ్లతో కట్టబడియుండుట చూచిరి. పదునాలుగేండ్ల తరువాత, 1855 ఆగస్టు 24న, ఆ దృశ్యము తనను నిరంతరము వేధించుచున్నదని లింకను స్పీడునకు వ్రాసెను. స్నేహమును విడువలేదు, సత్యమును దాచలేదు. 1860లో అధ్యక్షపదవికి పోటీచేయుచున్నప్పుడు పదునొకండేండ్ల గ్రేసు బెడెల్ అను బాలిక, గడ్డము పెంచినచో ముఖము బాగుండునని అక్టోబరు 15న వ్రాసెను. దేశమంతట ఎన్నికల హడావిడి. అయినను నాలుగు దినములకే, 19వ తేదీన, ఆ పిల్లకు బదులు వ్రాసెను.

అధ్యక్షుడైన పిమ్మట ఆయన సంతకమునకు లక్షలమంది ప్రాణములు ముడిపడెను. 1863 జనవరి 1న బానిస విమోచన ప్రకటనపై చేసిన సంతకము లోకవిదితమే. అదే సంవత్సరము జూలై 14న, గెటిస్‌బర్గు యుద్ధమున గెలిచియు పారిపోవు శత్రుసేనను తరుమని సేనాధిపతి మీడునకు తీవ్రమైన జాబు వ్రాసెను, కాని పంపలేదు. సంతకము చేయలేదనియు, పంపలేదనియు కవరుపై వ్రాసి దాచెను. కోపమున వ్రాసినదానిని ఒక రాత్రి ఆపి చూచుట ఎంత మేలో ఆ కవరు తెలుపుచున్నది.

మన్యమున ఉన్నవారు తప్పక తెలిసికొనవలసిన సంగతి మరియొకటి కలదు. మిన్నెసోటా ప్రాంతమున డకోటా అను ఆదివాసులు ఉండిరి. 1851లో ప్రభుత్వముతో సంధిపత్రముపై గుర్తులు పెట్టునప్పుడు, వారి పెద్దల ముందు వర్తకులు మరియొక కాగితమును పెట్టించిరి. అదియు సంధి ప్రతియే అనుకొని వారు గుర్తు పెట్టిరి. అది వర్తకుల బాకీల పత్రము. భూమికి రావలసిన సొమ్ములో పెద్ద భాగము దానివలన వర్తకులపాలయ్యెను. 1862లో సొమ్ము ఆలస్యమై, ఆకలి ముదిరి, ఆగస్టులో యుద్ధము రేగెను. అనేకులు చనిపోయిరి. సైనిక విచారణ, కొన్ని నిమిషములలో ముగిసినవి కొన్ని, 303 మందికి మరణశిక్ష విధించెను.

లింకను ఆ తీర్పులను మూసిన కన్నులతో ఆమోదింపలేదు. విచారణ కాగితములన్నియు తెప్పించి పరిశీలింపజేసి, 1862 డిసెంబరు 6న 39 పేర్లను స్వహస్తముతో వ్రాసి, వీరినిమాత్రమే ఉరితీయవలెనని ఆజ్ఞాపించెను. తరువాత ఒకనికి శిక్ష నిలిచెను. డిసెంబరు 26న మంకేటో పట్టణమున 38 మందిని ఒకేసారి ఉరితీసిరి. వారిలో ఒకడు జాబితాలో లేనివాడు. పేర్ల పోలికవలన పొరపాటున ఉరికంబమెక్కెను. వందల ప్రాణములు ఆ కాగితమువలన దక్కినవి. ఒక ప్రాణము పేరు పోల్చుకొనని అజాగ్రత్తవలన పోయినది. 1863లో డకోటాలను ఆ రాష్ట్రమునుండి వెడలగొట్టు చట్టము వచ్చెను. 1862 మే 20న లింకను సంతకము చేసిన మరియొక చట్టము వలసరైతులకు 160 ఎకరముల చొప్పున భూమినిచ్చెను. ఆ నేలలో ఎంతో భాగము ఆదివాసులు తరతరములుగా తిరుగాడినది. తండ్రి భూమి హక్కుల చిక్కులలో నలిగిన సంగతి మరువని లింకను చేతిమీదుగానే ఇతరుల భూమి కాగితములోనికెక్కి చేతులు మారెను. ఆయన గొప్పతనమును తలచువారు దీనిని కూడ తలచవలెను.

1865 ఏప్రిల్ 14న దుండగుని తుపాకి గుండు తగిలి, మరునాడు లింకను మరణించెను. కాగితములు కుమారుడు రాబర్టుకు చేరెను. ఆయన వానిని దేశపు పెద్ద గ్రంథాలయమగు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసునందు ఉంచి, 1923లో దానపత్రము వ్రాసియిచ్చెను. తాను మరణించిన పిమ్మట ఇరువదియొక్క సంవత్సరములదాక ఎవరికిని చూపరాదని షరతు పెట్టెను. 1926 జూలై 26న రాబర్టు మరణించెను. 1947లో అదే తేదీన కట్టలు విప్పిరి. ఆ పత్రములలో అధికభాగము లింకను వ్రాసినవి కావు, ఆయనకు ఇతరులు వ్రాసినవి. రైతులు, సైనికుల తల్లులు, ఉద్యోగార్థులు, విమోచన పొందినవారు వ్రాసిన ఆ జాబులు నేడు ఎవరైనను చదువవచ్చును. ఒక గ్రంథాలయము భద్రపరచుటచే ఒక మహాపురుషుని మంచిచెడ్డలతోపాటు సామాన్యుల గొంతుకయు నిలిచినది.

మన సీమకు తిరిగి వచ్చినచో, అనంతగిరి మండలమున బొర్రా పరిసర గ్రామముల భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల కౌలుకిచ్చిన విషయమై సమత అను సంస్థ నడిపిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పెను. షెడ్యూల్డు ప్రాంతమునందు ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు కౌలుకిచ్చుట చెల్లదని ఆ తీర్పు సారాంశము. 2006 నాటి అటవీహక్కుల చట్టపు నియమములు మరియొక మేలు చేసెను. హక్కును రుజువుపరచుటకు, హక్కు కోరువాడు కాక వేరొక ఊరి పెద్ద చెప్పిన వాఙ్మూలమును వ్రాతలో పెట్టినచో, దానిని సాక్ష్యములలో ఒకటిగా అంగీకరించెను. గెడ్డ, పనసచెట్టు, నల్లరాయి అని పెద్దలు చెప్పిన మాటకు తిరిగి విలువ వచ్చినది. అయితే అది కాగితముపైకి రావలెను.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఇంతకన్న తగిన పని లేదు. పుస్తకముల బీరువా ప్రక్కన ఒక పెట్టె ఉంచి, ఊరివారి పాత ఉత్తరములు, పట్టాల నకళ్లు, రసీదులు అందులో చేర్పవలెను. ప్రతి కాగితమునకు తేదీ, ఊరు, ఇచ్చినవారి పేరు వ్రాయవలెను. పేర్లను తప్పులేకుండ వ్రాయవలెను. ఎనుబదేండ్లు దాటిన పెద్దలయొద్ద కూర్చుండి, వారు చెప్పిన సరిహద్దులను వారి మాటలలోనే వ్రాసి, చదివి వినిపించి, పిమ్మటనే వేలిముద్ర పుచ్చుకొనవలెను. వినిపింపని కాగితముపై ఈ కొండలలో ఇకమీదట ఎవరి వ్రేలును పడకుండునట్లు చూచుట చదువుకొన్న ప్రతివాని విధి.